మా బావ ఉప్పు చూస్తేనే పెళ్లి

మా బావ జగన్నాథరావు జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఏ పెళ్లికి వెళ్లినా పెళ్లికొడుకు ముఖం చూడడు. నేరుగా వంటల దగ్గరికి వెళ్తాడు. అక్కడ ఆయన కోసం ఒక కుర్చీ వేసి ఉంటుంది. వంటమేస్త్రీ గరిటెడు పప్పు అరిటాకు ముక్కలో వేసి చేతికిస్తాడు. బావ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, కాసేపు కళ్లు మూసుకుని, "సరిపోయింది, వడ్డించండి!" అని షామియానా అదిరేలా అరుస్తాడు. ఆ కేక వినపడేదాకా బంతిలో ఎంత పెద్దమనిషి కూర్చున్నా విస్తట్లో మెతుకు పడదు.

ఈ ఉద్యోగం ఆయనకి ఎవరిచ్చారంటే ఎవరూ చెప్పలేరు. వాళ్ల నాన్న చూసేవాడు, ఈయన చూస్తున్నాడు. తాళి కట్టడం ఆలస్యమైనా జనం ఊరుకుంటారు గానీ మా బావ ఉప్పు చూడకుండా పప్పు వడ్డిస్తే ఆ కాపురం నిలవదన్నట్టు మాట్లాడతారు. ఇంత వెర్రి నేనెక్కడా చూడలేదు. ఆయన పెళ్లాం తమ్ముణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

అన్ని పెళ్లిళ్ల పప్పు తిన్న ఒళ్లు ఊరుకుంటుందా? పెనుగంచిప్రోలులో మిర్చి కోతలు జరుగుతుంటే ఎడమ చెయ్యి లాగేస్తోందంటూ గట్టు మీద కూలబడ్డాడు. విజయవాడ తీసుకెళ్లి గుండెకి స్టెంటు వేయించాం. తర్వాత నందిగామలో డాక్టరమ్మకి చూపిస్తే షుగరు, బీపీ, కొలెస్ట్రాలు, మూడూ ఉన్నాయంది.

"అన్నం తగ్గించండి. జొన్నరొట్టె, ఆకుకూరలు, కూరగాయలు తినండి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు మానెయ్యాలి. ఉప్పు బాగా తగ్గించాలి."

"బాగా అంటే ఎంతండి?" అన్నాడు బావ.

"మొదట్లో చప్పగానే ఉంటుందండి. కొన్నాళ్లకి నాలుకే అలవాటు పడుతుంది."

బావ సరేనన్నాడు. ఆయనకి ఉన్నది ఒకటే కోరిక. వేసవిలో కూతురు కృష్ణప్రియ పెళ్లి. ఊరందరి పెళ్లిళ్లకీ ఉప్పు చూసినవాడు సొంత కూతురి పెళ్లి పప్పుకి చూడకపోతే ఇన్నాళ్లూ చూసి ఏం లాభం? అది జరగాలంటే ముందు తను బతికుండాలి.

మా అక్క రాఘవమ్మ ఇంటికి రాగానే ఆవకాయ జాడీ మా ఇంటికి పంపేసింది. ఉప్పు డబ్బా బీరువాలో నగల పక్కన పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకి తగిలించుకుంది. బావ విస్తరి ముందు కూర్చున్న ప్రతిసారీ ఒకటే దెప్పుడు.

"నీకేమే! నాకీ గడ్డి పడేసి, నువ్వు వంటింట్లో కూచుని విడిగా ఉప్పేసి వండుకు తింటావ్."

అక్క నవ్వేసి ఊరుకునేది.

చలికాలం పోయేసరికి బావ పొట్ట తగ్గింది. షుగరు దారికొచ్చింది. డాక్టరమ్మ మెచ్చుకుంటే ఆ రిపోర్టుకి ఫ్రేము కట్టించి హాల్లో వాళ్ల నాన్న ఫొటో పక్కన తగిలించాడు. ఇంటికొచ్చిన ప్రతివాడూ రెండింటికీ దణ్ణం పెట్టేవాడు.

అప్పుడొచ్చింది కీసరలో మా బంధువు కిషోర్‌బాబు కొడుకు పెళ్లి. వంటమేస్త్రీ రత్నబాబు అలవాటు ప్రకారం ఆకులో పప్పు తెచ్చిచ్చాడు. బావ నాలుక మీద పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"ఉప్పెక్కువైంది!"

రత్నబాబు కంగారుపడి ఉడికిన పప్పు ఇంకొంత కలిపాడు. ఇంకా ఎక్కువే అన్నాడు బావ. నీళ్లు పోశారు. దోసకాయలు తరిగి వేశారు. ఇంకా ఎక్కువే. గుండిగ నిండిపోతే పప్పుని రెండో గుండిగలోకి, తర్వాత కాళ్లు కడుక్కోవడానికి పెట్టిన కొత్త డ్రమ్ములోకి వంపారు. పెళ్లికి చేసిన పప్పు కీసర మొత్తానికి సరిపడా అయింది. రత్నబాబు ఒక్క చుక్క నోట్లో వేసుకుంటే అయిపోయేది. కానీ మా బావ చూశాక ఇంకొకడు చూడటమంటే ఆయన్ని బంతిలోంచి లేపేసినట్టే. చివరికి బావ కళ్లు మూసుకుని, తెరిచి, "సరిపోయింది, వడ్డించండి!" అన్నాడు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని బంతి మొత్తం ఆగిపోయింది. అయినా ఒక్కడూ బాగాలేదనలేదు. జగన్నాథరావు గారు సరిపోయిందన్నాక చప్పగా ఉందంటే, జబ్బు తమ నాలుకకే ఉండాలి.

"మళ్లీ కరోనా వచ్చినట్టుందండి, నాకు రుచి తెలవట్లా" అని నా పక్కాయన గొణిగాడు. ఆ మాట అటు చివరిదాకా పాకింది. సాంబారు వచ్చేలోపు సగం బంతి మాస్కులు పెట్టుకుంది. ఇద్దరైతే లేచి, హైవే పక్కన మందుల షాపుకి టెస్టు కిట్ల కోసం పరిగెత్తారు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద చెప్పేశాను.

"బావా, పప్పులో ఉప్పు లేదు. మారింది నీ నాలుక. డాక్టరమ్మ ముందే చెప్పిందిగా."

బండి ఆపమన్నాడు. దిగి కల్వర్టు మీద కూర్చున్నాడు.

"మరి అమ్మాయి పెళ్లికి ఎట్లారా తిరుపతీ?"

ఆ గొంతు విని నాకు జాలేసింది. ఆయన్ని ఆటపట్టించడానికి పుట్టినవాణ్ణి, ఆ పూట మాత్రం చెయ్యి పట్టుకుని లేపి బండెక్కించాను.

వారం తిరక్కుండా బావ సాయంత్రం నడక మా ఇంటి వైపు మళ్లింది. మా ఆవిడ ప్రమీలారాణి చూస్తుండగానే ఆవకాయ జాడీ మూత తీసి బద్ద చీకుతున్నాడు.

"నాలుకకి ట్రైనింగు. పెళ్లి దాకానే, తర్వాత మానేస్తా" అన్నాడు.

నేను వెంటనే అక్కకి ఫోన్ చేశాను. అక్క ఆటో దిగి వచ్చి, ఆయన వేళ్ల మధ్య నుంచి బద్ద లాగేసింది. తిడుతుందనుకున్నాను. ఏడ్చింది.

"మీ నాలుక లేకపోయినా పెళ్లి జరుగుద్దండీ. మీరు లేకపోతే నాకు జరగదు."

బావ చెయ్యి కడుక్కుని ఆమె వెంట వెళ్లిపోయాడు.

జగ్గయ్యపేట కల్యాణమండపంలో కృష్ణప్రియ పెళ్లి. వంటల దగ్గర కుర్చీ వేశారు. రత్నబాబు ఆకులో పప్పు తెచ్చాడు. అతని కుర్రాళ్లు ముందుజాగ్రత్తగా దోసకాయల బస్తా విప్పి, ఖాళీ డ్రమ్ములు రెండు పక్కన పెట్టుకున్నారు. బావ ఆకు అందుకున్నాడు. కుర్చీలో కూర్చోలేదు. మా అక్కని పిలిచాడు.

"మనింట్లో ఉప్పు తెలిసిన నోరు నీదేనే. నువ్వు చూడు."

జనం నోళ్లు తెరిచారు. ఆడమనిషి ఉప్పు చూడటం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. ఎన్నడూ వండనివాళ్లు చూడొచ్చు గానీ రోజూ వండేవాళ్లు చూడకూడదట. అక్క పట్టుచీర కొంగు దోపుకుని, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. ముఖం చిట్లించింది.

"ఉప్పెక్కువైందండీ."

కుర్రాళ్లు కత్తిపీటలు అందుకున్నారు. బావ చెయ్యెత్తి ఆపాడు.

"అదేంటే? నువ్వు విడిగా వండుకుంటున్నావ్ కదా?"

"ఎప్పుడు వండుకున్నా? మీరు చప్పిడి మెతుకులు మింగుతుంటే, నాకు ఉప్పేసిన ముద్ద ఎట్లా దిగుద్దండీ?"

ఇన్నాళ్లూ పూటపూటా దెప్పిన మనిషి, అందరి ముందూ పెళ్లాం చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొయ్యి పొగ అని ఎవరైనా అంటారేమోనని చూశాను, ఎవరూ అనలేదు. తర్వాత ఆ ఆకులోంచే వేలితో తీసి తనూ నాకాడు. కళ్లు మూసుకున్నాడు. బంతులన్నీ ఊపిరి బిగబట్టాయి.

"మా ఇద్దరికీ ఎక్కువైంది!" అని అరిచాడు. "అంటే మీకు సరిపోయింది. వడ్డించండి!"

మొదటి ముద్దకి ఎవరూ ఆగలేదు. ఆవురావురుమని తిన్నారు. వాళ్లిద్దరూ ఓ మూల బల్ల దగ్గర కూర్చున్నారు. అక్క పెళ్లి హడావిడిలో కూడా మర్చిపోకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియరు విప్పింది. అందులో జొన్నరొట్టెలు, చప్పిడి తోటకూర పప్పు ఇద్దరికి సరిపడా ఉన్నాయి.