చేతులకు పని

పక్షవాతం వచ్చి మంచాన పడ్డ ఆ పెద్దాయనను చూడడానికి వారానికి రెండుసార్లు వచ్చే నర్సమ్మ, ఆ పూట ఆయన్ని పక్కకు ఒత్తిగిలజేసి గతుక్కుమంది. నడుము కింద, ఎముక పైకి తేలే చోట, పోయినసారి చొక్కా గుండీ అంత ఉన్న ఎరుపు ఇప్పుడు అరచెయ్యంత అయింది. పైగా చర్మం నూనెతో నిగనిగలాడుతోంది.

"పెద్దమ్మా, మళ్ళీ రుద్దావా?"

పెద్దాయన భార్య గోడకేసి చూసింది. "నేనెక్కడ రుద్దానూ! అలా చెయ్యి వేశానంతే."

"చెయ్యి వెయ్యడమా? పిండి పిసికినట్టు పిసికింది," అన్నాడు పెద్దాయన వంకరపోయిన మూతితోనే.

"ఒళ్ళంతా పడిపోయినా ఈ నోరు మాత్రం పడిపోలేదమ్మా, నా ఖర్మ!"

నర్సమ్మకు నవ్వు రాలేదు. ఇందాక గుమ్మంలోనే వాళ్ళ కూతురు తేల్చి చెప్పేసింది, పుండు పడిందంటే నాన్నను ఆసుపత్రిలో చేర్పిస్తానని. పోయినసారి అక్కడున్నన్నాళ్ళూ ఆయన అన్నం ముట్టలేదు. పెద్దమ్మను వార్డులో ఉండనివ్వలేదు.

నర్సమ్మ చాలా ఏళ్ళు వార్డులోనే చేసింది. ఎర్రబడ్డ చోట రుద్దితే లోపలి సన్నటి రక్తనాళాలు చితికి పుండవుతుందని పరిశోధనల్లో తేలినప్పుడు, పెద్ద నర్సు అందరినీ నిలబెట్టి ఆ సంగతి చదివి వినిపించింది. అంతే, మర్నాటి నుంచి వార్డులో ఎవరూ రుద్దలేదు. రెండేసి గంటలకోసారి ఇద్దరు మనుషులు వచ్చి రోగిని తిప్పేవారు. ఆ మాటలనే నర్సమ్మ మడత విప్పకుండా ఈ ఇంటికి మోసుకొచ్చింది: రుద్దకు, తిప్పు.

"వద్దని చెప్పానుగా, పెద్దమ్మా."

"చెప్పావు. తిప్పమనీ చెప్పావు. తిప్పబోతే ఇద్దరం కలిసి మంచం మీద బోర్లాపడ్డాం! తిప్పనూ లేక, రుద్దనూ కూడదంటే, ఇక నేను ఆయన పక్కన కూర్చుని ఏం చెయ్యను? ఈగలు తోలనా?"

నర్సమ్మ పెద్దమ్మ వేలు పట్టుకుని పెద్దాయన భుజం మీద నొక్కించి వదిలించింది. నొక్కిన చోటు తెల్లబడి, మళ్ళీ రంగు తిరిగింది. అదే వేలు ఎరుపు మీద మెల్లగా నొక్కించి వదిలించింది. ఎరుపు ఎరుపుగానే ఉంది.

"చూశావా, లోపల దెబ్బ తగిలింది. రుద్దితే ఇంకా నలుగుతుంది."

పెద్దమ్మ నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయితే నేనే చేశానా తల్లీ ఇదంతా?"

ఈ ప్రశ్నకు ఏం చెప్పాలో ఏ పరిశోధనా నేర్పలేదు. నర్సమ్మ ఆ చెయ్యి మళ్ళీ పట్టుకుంది. "కదలకుండా పడుకోవడం వల్ల వచ్చింది. నీకు తెలియక రుద్దావు. నీతో అది చెయ్యకు, ఇది చెయ్యకు అన్నానే గాని, ఏం చెయ్యొచ్చో చెప్పలేదు. ఆ తప్పు నాది."

ఆ సాయంత్రానికల్లా ఫోను మీద ఫోను చేసి మెత్తటి ఫోము పరుపు తెప్పించింది. దాని మీద పడుకుంటే అన్నిసార్లు తిప్పక్కర్లేదు, పూర్తిగా తిప్పనూ అక్కర్లేదు. వీపు వెనక దిండు దోపి కాస్త వాల్చినా బరువు ఎముక మీద పడదు. ఇదీ పరిశోధనల్లో ఉన్నదే. వార్డులో మనుషులు దండిగా ఉండేవారు కాబట్టి నర్సమ్మకు ఇన్నాళ్ళూ దీని అవసరం రాలేదు. మోకాలు మడిచి, భుజమూ తుంటీ పట్టుకుని, ఒంటరిగా తన వైపుకు ఎలా లాక్కోవాలో పెద్దమ్మకు చేసి చూపించింది.

"మరి నూనె?"

"పడిపోయిన ఆ చేతికి రాయి. ఒక్కో వేలూ మెల్లగా సాగదీస్తూ రాయి. అది ఎంతసేపు చేసినా మంచిదే."

తర్వాతి వారం కూతురు మంచం దగ్గరే నిలబడి చూసింది. ఎరుపు అంచుల నుంచి వెనక్కి తగ్గింది.

"పుండు పడదు," అంది నర్సమ్మ. "ఇక్కడే ఉండనివ్వు."

కూతురు తలూపి, కళ్ళు తుడుచుకుంటూ అవతలికి వెళ్ళింది. పెద్దమ్మకు అవేమీ పట్టలేదు. దిండు మార్చే వేళయిందని మొగుడి భుజం పట్టుకుని లాగుతోంది.

"కాస్త మీరూ కదలండి! ఇటు, నా వైపుకి."

"పెళ్ళైన నాటి నుంచీ నీ వైపుకే తిరుగుతున్నాను కదే," అన్నాడాయన, "ఇంకా ఎంత తిరగమంటావు?"