ఈగ కడుపులో చుట్టు

"ఈగల్ని తోలే కోడళ్లను చూసినాను గానీ, బెల్లం పెట్టి పిలిచే కోడల్ని ఈ ఇంటనే చూస్తా ఉండాను" అంది అత్త అమరావతమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

కాంచనకు నవ్వొచ్చింది. కిటికీ గట్టు మీద పళ్లెంలో బెల్లం ముక్క, దాని మీద బోర్లించిన గాజు గ్లాసు, లోపల నాలుగు ఈగలు. కళ్లు దగ్గరదగ్గరగా ఉన్న రెండూ మగవి. ఈ సంగతి అత్తకు చెప్పాలని నాలుక దురద పెట్టింది గానీ, మగవే ఎందుకని అడిగితే ఏం చెప్పాలి?

పెళ్లయి నాలుగు నెలలైంది. మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయి రెండేళ్లు దాటినా, అరవ వైపే మిగిలిన వేలూరు వీధిలో తెలుగు మాట వినబడితే చాలు, కాంచన తల తిప్పి చూసి మురిసిపోయేది. గుడియాత్తంలోని పుట్టింటికి వెళ్తుంటే లత్తేరి స్టేషన్లో భర్త బాలచంద్రన్ తాటిముంజలు కొనిచ్చాడు. ఒళ్లో అగ్గిపెట్టెల నిండా మిడతలు పెట్టుకుని, చేతుల మీద రసం కారుతుంటే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె జంతుశాస్త్రం చదివింది, అతడు కాలేజీలో అదే పాఠం చెబుతాడు. ఇంతకన్నా ఏం కావాలనుకుంది.

అతడి పరిశోధన మగ పురుగుల జననాంగాల మీద. ఈగకు ఎలా ఉంటాయి, దోమకు, బొద్దింకకు, మిడతకు ఎలా ఉంటాయి అని పోల్చి చూపించాలి. ఆ మాట పెళ్లాం ముందు అనలేక "ఆ భాగం" అనేవాడు. సూది పట్టుకుంటే అతడి చేయి వణికేది, ఆ భాగం కాస్తా చిరిగిపోయేది. ఒకరోజు కాంచన సూదులు అందుకుంది. ఎనిమిదో ఏటి నుంచీ నాయన మగ్గం కింద కూర్చుని తెగిన పడుగు పోగులు అతికిన వేళ్లవి. చిక్కులో ఏ పోగు పైనుంచి పోతోందో, ఏది కిందనుంచో చూడకుండానే చెప్పగలవు. "నీ చేతులుండగా నాకేం!" అన్నాడు బాలచంద్రన్. ఆ మాటకు రెండు రోజులు గాల్లో నడిచింది. తెల్లారుజామున లేచి నీళ్లు తోడి, వంట చేసి, అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, అత్త కునుకు తీసే రెండు గంటలూ పురుగుల్ని కోసే మైనం గిన్నె మీదికి వంగి, చూసిందంతా పెన్సిలుతో గీసి, తర్వాత ఇండియన్ ఇంకుతో దిద్దేది. నడుము పట్టేసేది. అదీ ప్రేమే అనుకుంది. పరిశోధన గ్రంథంలో పెట్టే బొమ్మల అట్టలు, అంటే ప్లేట్లు, పదకొండు అయ్యాక, "మూలన నా పేరు చిన్నగా వేసేదా?" అని అడిగింది. "పిచ్చిదానా! మగ పురుగుల ఆ భాగాల కింద ఆడదాని పేరా? చూసినోళ్లు ఏమనుకుంటారు?" అని చెంప మీద తట్టాడు. సిగ్గుపడి ఊరుకుంది. కోసేటప్పుడు రాని సిగ్గు పేరు దగ్గర ఎందుకొచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

శుక్రవారం చూస్తే తొమ్మిదో ప్లేటు మీద బ్లేడుతో గీకిన గరుకు తగిలింది. ఈగ బొమ్మలో, పేగు చుట్టూ ఒక చుట్టు తిరిగి వెళ్లే బీజనాళాన్ని చెరిపేసి, తిన్నగా ఒక గీత గీసి ఉంది.

"ఇదేంది?"

"బొద్దింకకు, మిడతకు తిన్నగానే ఉండాది కదా. నువ్వు మగ్గం ఇంటి పిల్లవి, దారం చుట్టేసినావు" అని నవ్వాడు బాలచంద్రన్.

"మగ దోమ పుట్టిన దినమే దాని తోక చివర సగం తిరుగుతాది. ఈగకు గూట్లో ఉండగానే పూర్తిగా తిరిగొస్తాది. అందుకే పైకి ఏమీ కానట్టు ఉండాది. లోపల నాళం ఒకటే ఆ చుట్టును దాచుకొని ఉండాది. ఇరవై ఈగల్ని కోసి చూసినాను."

"రసంలోకి చింతపండు నానబెట్టినావా, అది చూడు."

ఆదివారం ఉదయం బాలచంద్రన్ పరిశోధనను పర్యవేక్షించే ప్రొఫెసరు శంకరలింగం గారు, ఆర్కాడు తెలుగాయన, ప్లేట్లు చూడటానికి ఇంటికొచ్చారు. కాంచన వంటింట్లో కాఫీ దించుతోంది.

"ఎనిమిది దాకా ముత్యాలయ్యా. ఈ తొమ్మిదోది యాడ చూసి గీసినావు? ఈగను కోసినోడు ఎవడైనా ఇట్ల గీస్తాడా?"

భర్త గొంతు, మెల్లగా: "ఇంకు వేసింది నా భార్య సార్. తప్పు ఆమెది. ఆడోళ్ల పని కదా, చూసుకోలేదు."

కాంచన చేతిలోని గిన్నె గట్టు మీదికి దిగింది. పేరు వేస్తే పరువు పోతుందన్నవాడికి తప్పు మోపడానికి మాత్రం ఆడది చటుక్కున దొరికింది! ముంజల రసం, చెంప మీద తట్టడం, నీ చేతులుండగా నాకేం, అన్నీ ఒక్కసారిగా చేదెక్కాయి. పెట్టె తెరిచి పెన్సిలు బొమ్మల కట్ట తీసింది. స్పిరిటు సీసా, ఈగ స్లైడు, ఇంకుబుడ్డి, కలం కూడా పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

"తప్పు నాదంటే ఒప్పుకుంటాను సార్. అప్పుడు పదకొండూ నావే. మీరు ముత్యాలన్న ఎనిమిదీ నావే."

"కాంచనా, లోపలికి పో" అన్నాడు బాలచంద్రన్.

ఆమె స్లైడును బల్ల మీది భర్త మైక్రోస్కోపు కింద పెట్టి, అద్దం వెలుతురుకు తిప్పి జరిగి నిలబడింది. ప్రొఫెసరు ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశారు. పెన్సిలు బొమ్మ చూశారు. ప్లేటు మీది గరుకును గోరుతో తడిమారు. బాలచంద్రన్ కేసి మాత్రం చూడలేదు.

"చుట్టు ఉండాది" అన్నారు చివరికి. "నీ పేరేందమ్మా?"

ఆమె కింద కూర్చుని, మొదటి ప్లేటు ముందుకు లాక్కుని, మిడత మగ అంగం బొమ్మ కింద కుడి మూలన నల్లటి ఇంకుతో పేరు రాసింది. నీళ్లు పడ్డా పోని ఇంకు. ఆరేదాకా ఊదింది.

"సార్‌కు కాఫీ చల్లారిపోతా ఉండాది" అన్నాడు బాలచంద్రన్, నేల చూస్తూ.

"వంటింట్లో గట్టు మీద ఉండాది. పోసి తెండి" అంది కాంచన, రెండో ప్లేటు అందుకుంటూ. "నాకు ఇంకా పది ఉండాయి."