ముందుగదికి తగిన గౌను

రెన్నా తనది కాని తెల్లగౌనుకి ఇస్త్రీ చేస్తోంది. భుజాల దగ్గర కుచ్చులు, నడుం దగ్గర సన్నటి మడతలు. ఒక్క మడత అటూ ఇటూ అయినా ఆ గౌను తాలూకు పిల్ల మళ్లీ తెచ్చి బల్ల మీద పడేస్తుంది. పడేసినా ప్రేమగానే పడేస్తుంది. "రెన్నా బంగారం, నీ చేతిలో ఏదో మహిమ ఉందే, ఇంకొక్కసారి రుద్దవూ?" అంటుంది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. మెత్తగా మాట్లాడటం వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య.

ఆగస్టు ఎండకి అలబామా అంతా ఉడికిపోతోంది. కాలేజీలో కొత్తగా చేరిన ఆడపిల్లలు ఈ వారమంతా సొరోరిటీలనే ఆడపిల్లల సంఘాల ఇళ్ల చుట్టూ తిరుగుతారు. వీధి పొడవునా తెల్ల స్తంభాల ఇళ్లు. ఒక్కో ఇల్లు ఒక్కో సంఘానిది. లోపలి పిల్లలు తలుపులు తెరిచి పాటలు పాడి ఆహ్వానిస్తారు. రోజురోజుకీ కొందరిని మళ్లీ పిలుస్తారు, కొందరిని పిలవరు. చివరిరోజు పిలుపు అందుకుని, ఆ ఇంటినే కోరుకున్న పిల్లకి ఆ ఇల్లు దాదాపు ఖాయమైనట్టే. ఖాయమైతే అక్కడి స్నేహాలు, అక్కడి నుంచి దొరికే ఉద్యోగాలు, చివరికి మొగుళ్లు కూడా ఆ గుమ్మంలోంచే వస్తారని ఆ ఊళ్లో నమ్మకం. నమ్మకం అబద్ధమేమీ కాదు.

రెన్నాకి పోయినేడు పిలుపొచ్చింది. అందరితో కలిసి వీధిలో పరుగెత్తి, ఏడ్చి, ఫోటో దిగింది. ఆ ఫోటోని వాళ్లమ్మ లూడీన్ తన ఫ్రిజ్ తలుపు మీద అంటించుకుంది. లూడీన్ కోళ్ల ఫ్యాక్టరీలో మాంసం కోసే వరసలో నిలబడుతుంది. సాయంత్రానికి వేళ్లు ముడుచుకుపోతే వేడినీళ్లలో పెట్టుకుంటుంది. చర్చిలో ఎవరు కనబడినా, "మా పెద్దది ఆ ఇంట్లో ఉందండీ" అని చెప్పకుండా వదలదు.

ఆ ఇంట్లో ఉండటం వేరు, ఆ ఇంటి ముందుగదిలో ఉండటం వేరు. ఈ సంగతి రెన్నాకి రెండో ఏడు వచ్చాక గానీ తెలియలేదు. ఈ వారంలో ఏ రోజు ఏం వేసుకోవాలో సంఘానికో పద్ధతి ఉంది. ప్రతి పిల్లా తన గౌన్లు వేసుకుని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫోటో తీసి అధ్యక్షురాలు మెరిట్‌కి పంపాలి. మెరిట్ సరేనంటేనే ముందుగది. రెన్నా పంపిన మొదటి గౌను బట్ట మెరుస్తోందన్నారు. రెండోదాని భుజం పట్టీ సన్నమన్నారు. మూడోది పంపినప్పుడు మెరిట్ స్వయంగా వచ్చి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "గౌను బాగుందే, నీ ఒంటికే నప్పలేదు. పోనీలే, ఈసారి వెనక నువ్వుంటే మాకు కొండంత అండ" అంది.

వెనక అంటే వంటిల్లు. అక్కడ మంచినీళ్ల గ్లాసులు నింపాలి, ఊడిన కొక్కేలు కుట్టాలి, ఇస్త్రీ చెయ్యాలి. రెన్నాతో పాటు లావుగా ఉండే ట్యాబీ, మొహం నిండా మొటిమలున్న ఇంకో పిల్ల ఉన్నారు. మమ్మల్ని ఇక్కడెందుకు పెట్టారని ముగ్గురిలో ఎవరూ నోరు తెరిచి అడగలేదు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? ట్యాబీ మాత్రం గ్లాసులు తుడుస్తూ, "పైన పటారం, లోన లొటారం అంటారే, ఆ లొటారం మనమేనే" అని నవ్వేది. రెన్నా కూడా నవ్వేది. నవ్వకపోతే ఏడవాల్సొచ్చేది. ఫోన్లో అమ్మతో మాత్రం, "పొద్దుటి నుంచీ ముందుగదిలోనే నిలబడ్డానమ్మా, కాళ్లు పీకేస్తున్నాయి" అనేది. కాళ్లు పీకడం వరకూ నిజమే.

పోయినేడంతా అక్క ఆ ఇంటి గురించి చెప్పిన గొప్పలు విని విని, చెల్లెలు డోవీ ఈ ఏడు అదే ఇంటి కోసం వచ్చింది.

ఈ వారం సంఘం పిల్లలు కొత్తవాళ్లతో బయట మాట్లాడకూడదు. సొంత చెల్లెలైనా అంతే. అందుకని రెన్నా వంటింటి తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి చూసింది. పోయినేడు తను వేసుకున్న నీలం గౌనే డోవీ ఒంటి మీద ఉంది. అమ్మ నడుం పట్టి కుట్టింది. డోవీ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, ఎదుటి పిల్ల పడీపడీ నవ్వుతోంది. మధ్యమధ్యలో డోవీ కళ్లు గదంతా వెతుకుతున్నాయి. ఎవరి కోసం వెతుకుతోందో రెన్నాకి తెలుసు. అద్దం ముందు నుంచి చప్పున పక్కకి తప్పుకుంది. అంత సిగ్గు ఆమె ఎన్నడూ ఎరగదు.

చివరిరోజుకి ముందటి సాయంత్రం మెరిట్ వంటింట్లోకి వచ్చింది.

"మీ చెల్లి భలే చలాకీ పిల్లే! మా పిల్లలకి తెగ నచ్చేసింది" అంది. కాస్త ఆగి, "ఆ గౌను పోయినేటి నీ ఫోటోలో ఉందని ఎవరో గుర్తుపట్టారనుకో. పాపం, పిచ్చితల్లి, దానికేం తెలుసు!" అంది.

రెన్నా ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టింది. "ఇప్పుడేమంటారు?"

"అటో ఇటో తేలట్లేదు. నీ చెల్లి కాబట్టి నీ మాటకే వదిలేద్దామనుకున్నాం. నువ్వు ఊఁ అంటే రేపు పిలుస్తాం. నిజం చెప్పొద్దూ, వచ్చే ఏడు వెనక పనికి మనుషులు కావాలి కూడా. నీ దగ్గరైతే త్వరగా నేర్చుకుంటుంది."

ఆ మాటలో మెరిట్‌కి తప్పేమీ కనబడలేదు. ఉపకారం చేస్తున్నాననే అనుకుంది. రెన్నా మాత్రం మనసులో లెక్క వేసుకుంది. ఊఁ అంటే చాలు. అమ్మ ఫ్రిజ్ మీద ఇంకో ఫోటో చేరుతుంది. డోవీ వీధిలో పరుగెత్తుతుంది, ఏడుస్తుంది. ఆ తర్వాత గౌన్ల ఫోటోలు పంపుతుంది. బట్ట మెరుస్తోందంటారు, పట్టీ సన్నమంటారు. అంత గట్టిగా నవ్వే పిల్ల ఇక్కడ గ్లాసులు తుడుస్తూ అమ్మకి అబద్ధాలు చెప్పడం నేర్చుకుంటుంది. తను నేర్చుకోలేదా?

"వద్దు" అంది రెన్నా. "పిలవకండి."

"ఖాయమేనా?" అంది మెరిట్, కాస్త ఆశ్చర్యంగా.

"ఖాయం."

మర్నాడు పొద్దున పిలుపులు వెళ్లాయి. రెన్నా ఏ రూలూ లెక్కచెయ్యకుండా నేరుగా చెల్లెలి హాస్టల్‌కి వెళ్లింది. మిగతా ఇళ్లు ముందే వద్దన్నాయి, డోవీకి మిగిలిన ఆశ ఇదొక్కటే. చివరిరోజుకని అమ్మ కొన్న నల్లగౌను పొద్దున్నే వేసుకుని ఉంది. అది విప్పకుండానే మెట్ల మీద కూర్చుంది. కాటుక చెంపల దాకా కారింది.

"గౌను వల్లేనా అక్కా? పాతదనేనా?"

అవునని ఉంటే సరిపోయేది. తప్పు మెరిట్ మీదికి పోయేది, అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి తిట్టుకుని కలిసి ఏడ్చేవాళ్లు. కానీ వారమంతా అబద్ధాలు చెప్పీ చెప్పీ రెన్నా నోరు అలిసిపోయింది.

"కాదే. నన్నడిగారు. నేనే వద్దన్నాను."

డోవీ ఏడుపు ఆగిపోయింది. రెన్నా ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. వంటిల్లు, ఇస్త్రీ, గ్లాసులు, మెరిట్ చెయ్యి పట్టుకుని అన్న మాటలు, తలుపు వెనక నుంచి చెల్లెల్ని చూసి పక్కకి తప్పుకోవడం. "నీ మంచికేనే! నిన్ను ఆ వంటింట్లో చూడలేకనే" అంటూ చెల్లెలి భుజం మీద చెయ్యి వేయబోయింది.

డోవీ ఆ చెయ్యిని మెల్లగా తీసేసింది. అక్క మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉన్నా బాగుండేది.

"మెరిట్ నిన్నడక్కుండా నిన్ను వంటింట్లో పెట్టింది. నువ్వు నన్నడక్కుండా నన్ను వాకిట్లోకి తోసేశావు" అంది. "అయినా అక్కా, నువ్వు కూర్చున్నావని నేనూ ఆ వంటింట్లో కూర్చుండిపోతానని నీకెవరు చెప్పారు?"