మూడో వరసలో కొత్త డోలు

“నీకెందుకే ఆ డోలు బరువు? నడుం పట్టేస్తుంది,” అన్నాడు జెనివాల్దో నా భుజం నిమురుతూ. నేను అప్పుడే గ్యాస్ సిలిండర్‌ని మెట్లెక్కించి వంటగదిలో దించాను.

మా ఆయన మంచివాడు. ఈ మాట మొదటే చెప్పకపోతే నేను చెప్పేదంతా ఫిర్యాదులా వినిపిస్తుంది. బ్రెజిల్‌లోని సల్వడోర్‌లో మా కొండవాడకి ఒక సాంబా డోళ్ల బృందం ఉంది, దానికి ఆయన గురువు. కార్నివాల్‌కి ఎనభై డోళ్లు వీధిలోకి దిగితే గోడల సున్నం రాలుతుంది. ఆదివారం ఆదివారం సాధన. వాళ్లందరికీ బీన్స్ గింజల్లో పంది మాంసం వేసి పెద్ద డేగిశాలో వండేది నేను. చొక్కాలు ఉతికేది, తెగిన డోలు పట్టీలు కుట్టేది నేను. మిగతా రోజుల్లో ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లు మోసేదీ నేనే. ఆ నడుం గురించి ఎవరూ బెంగపడలేదు. సాధన జరుగుతున్నంతసేపూ పెద్ద డోలు దెబ్బ నేలలోంచి వచ్చి నా పాదాల్లో దూరేది. గరిటె తిప్పుతూ ఆగిపోయేదాన్ని. ఆ దెబ్బ నా చేతిలోంచి బయల్దేరాలని కోరిక. ఆ సంగతి ఆయనతో అనడానికి ఎన్నేళ్లు పట్టిందో! అన్నాక ఆయన నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, పసిపిల్ల చందమామని అడిగితే నవ్వే నవ్వు. “నువ్వు ముందు వరసలో ఆడుతూ నడువు, జొసేలియా. అందరూ నిన్నే చూస్తారు.” నన్ను చూడటం కాదు, వినాలి అని అప్పుడు తోచలేదు. తర్వాత గిన్నెలు తోముతుంటే తోచింది. నాకు జవాబులన్నీ గిన్నెల దగ్గరే తోస్తాయి.

ఈ మాటలన్నీ అత్తమ్మ ఎదెల్జుయితా విన్నది. ఆమెది నది ఒడ్డున కషోయెరా. ఆ ఊరి సాంబాలో డోళ్లు మగవాళ్లవి, ఆడవాళ్లకి దక్కింది కంచమూ కత్తీ. కంచం అంచు మీద కత్తితో గీరుతూ అత్తమ్మ తాళం వేస్తే కూర్చున్నవాళ్లు లేచి ఆడతారు. పెళ్లయిన కొత్తలో నేను డోలు ముట్టుకుంటే “ఆడదాని చెయ్యి తగిలితే తోలు వదులైపోతుంది” అని కసిరింది కూడా ఆమే. అందుకే కొడుకు పక్షానే మాట్లాడుతుందనుకున్నాను.

“మా నాన్న డోలు ఎక్కడుండేదో తెలుసా?” అంది గింజలు ఏరుతూ. “సాంబా వాయిస్తే పట్టుకుపోయే రోజులవి. పోలీసులొచ్చినప్పుడల్లా మాసిన బట్టల గంపలో. ఒకసారి గంప దాకా వెళ్లే వ్యవధి కూడా లేక, మా అమ్మ దాని మీద లంగా పరుచుకుని కూర్చుంది, నొప్పులు పడుతున్నదానిలా మూలుగుతూ. పోలీసాడు టోపీ తీసేసి వెనక్కి వెనక్కి నడిచి పోయాడు.”

ఇద్దరం పడీ పడీ నవ్వాం.

“ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో కట్టేసి తెచ్చినప్పుడు మనవాళ్ల చేతుల్లో డోళ్లు లేవే. దెబ్బని ఒంట్లో దాచుకుని తెచ్చారు. ఆ ఓడల్లో ఆడవాళ్లు లేరా?” ఆమె చేతులు ఆగాయి. “దాచేటప్పుడు డోలు మాది, వాయించేటప్పుడు మగాళ్లది. తోలు వదులవుతుందని నాకు మా అత్త చెప్పింది, నీకు నేను చెప్పాను. గుడిలో దేవతల్ని పిలిచే డోళ్ల మాట వేరు, వాటి జోలికి పోకు. వీధి డోలు ఎవడబ్బ సొమ్మే? వెళ్లు. వంట సంగతి నేను చూసుకుంటా.”

“ఎనభై మందికి వండుతావా అత్తమ్మా?”

“వండలేదని చెప్పడానికి ఎంతసేపే?”

ఆ ఆదివారం మా పొయ్యి వెలగలేదు. నేను సాధనకి వెళ్లి, వాడకుండా గోడకి ఆనించి ఉన్న పెద్ద డోలు ఒకటి తీసుకున్నాను.

“వదినా, కూర మాడుతుందేమో చూసుకో!” అన్నాడు ముందు వరసలో వాయించే రైముందు.

“ఇవాళ కూర లేదు.”

జెనివాల్దో నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “ఇంటికెళ్లి మాట్లాడుకుందాం.”

“ఇంట్లో మాట్లాడుకున్నాంగా.”

ఆయన వంగి, పట్టీ పొట్టి చేసి నా నడుముకి బిగించాడు. “మూడో వరస,” అన్నాడు.

ఆ తర్వాత జరిగింది గొప్పగా చెప్పుకునేదేం కాదు. బరువు నిజమే. డోలు తగిలి తొడ కమిలింది. ఇన్నేళ్లు విన్న దెబ్బ చేతికి రాలేదు. అందరూ కొట్టకముందే నేను కొట్టేశాను. రెండోసారీ అంతే. వెనకెవరో కిసుక్కుమన్నారు. జెనివాల్దో విజిల్ ఊది అందర్నీ ఆపాడు. చాల్లే, అలిసిపోయావు అంటాడనుకున్నాను.

“ఏయ్, మూడో వరస!” అని అరిచాడు, రైముందు మీద అరిచేటంత గట్టిగా. “ఎక్కడికా పరుగు? పక్కవాణ్ణి వినవా? నీ ఒక్కదానివల్ల ఎనభై మందీ చెడుతున్నారు. మళ్లీ మొదట్నించీ!”

ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను బతిమాలాడు, మురిపించాడు, కాళ్లు నొప్పెడితే తైలం రాశాడు. తప్పు కొట్టావని మాత్రం ఏనాడూ అనలేదు. కొట్టనిస్తే కదా! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కతను జాలిగా చూశాడు. అది ఏడుపు కాదని అతనికి చెప్పే తీరిక లేదు. విజిల్ మోగింది. ఈసారి అతని దెబ్బ వినేదాకా ఆగి, అప్పుడు చెయ్యెత్తాను.