ఇష్టపూర్వకంగా

అచ్చాఫీసులో తప్పులు పట్టడం నా పని. అచ్చయిన ప్రతి కాగితం నా బల్ల దాటే బయటికి పోవాలి. తప్పు కనబడితే ఎర్ర పెన్సిలుతో గీత కొడతాను. గీత పడిందంటే మళ్ళీ అచ్చు వేయాల్సిందే, అది యజమాని ఉత్తరమైనా సరే. ఇది మా ఆఫీసు పాత కట్టుబాటు. ఇంట్లో మా ఆయన కూడా ఆ పెన్సిలుకి కొంచెం జంకుతాడు.

సోమవారం బల్లమీదికి వచ్చిన కట్ట మాదే, మా ఆరోగ్య బీమా పత్రాలు. జీతంలోంచి కోసే మా వాటా ఈసారి రెట్టింపు. శుక్రవారంలోగా సంతకం పెట్టనివాళ్ళకి బీమా ఉండదట.

మా అమ్మాయికి ఉబ్బసం. బీమా లేకుండా దాని పీల్చే మందు కొనాలంటే మా ఇద్దరి తలప్రాణం తోకకొస్తుంది. పోయినేడు వాటా పెంచినప్పుడు దాని పాటల క్లాసు మాన్పించాం. అంతకు ముందేడు మా ఆయన పంటి వైద్యం వాయిదా వేసుకున్నాడు, ఇప్పటికీ ఒక పక్కనే నములుతాడు. ఇక కోయడానికి మా ఇంట్లో ఏం మిగల్లేదు.

సంతకం చోటు పైన ఒక వాక్యం ఉంది: ‘ఈ మార్పులను ఇష్టపూర్వకంగా అంగీకరిస్తున్నాను.’ నాకు ఒళ్ళు మండింది. ‘ఇష్టపూర్వకంగా’ మీద గీత కొట్టి, మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళాను.

“ఇది మామూలు మాటేనమ్మా. ఎవరు చదువుతారు?” అన్నాడు.

“నేను చదువుతాను సార్. చదివినందుకే జీతమిస్తున్నారు.”

“గీత కొట్టిన పత్రం చెల్లదు. శుక్రవారం దాటితే మీ పాప బీమా పోతుంది. తర్వాత నన్ననొద్దు.”

ఇంటికెళ్ళేసరికి అమ్మాయి మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతోంది. మందు పీల్చి, డబ్బా చెవి దగ్గర ఆడించి, “ఇంకా ఉందిలే అమ్మా,” అంది. పన్నెండేళ్ళ పిల్లకి ఈ పొదుపు ఎవరు నేర్పారు? భయమేసింది. భయం కంటే కోపమే ఎక్కువొచ్చింది.

మర్నాడు పుస్తకాలు కుట్టే చెల్లెమ్మ తన పత్రం నా ముందు పెట్టింది. “అక్కా, నాదీ గీసెయ్.”

“నీదీ పోతుందే పిచ్చిదానా.”

“అందరివీ పోగొడతాడా? చూద్దాం.”

ఆమె వెనక మిషను నడిపే తాతయ్య, ఆయన వెనక కటింగువాళ్ళు. మధ్యాహ్నానికి నా పెన్సిలు సగమైంది.

శుక్రవారం మేనేజరు బల్లమీద అరవై రెండు ఎర్ర గీతలు. అరవై రెండు మందికి బీమా తీసేస్తే సోమవారం మిషన్లు ఎవరు తిప్పుతారు? ఆయన తల పట్టుకుని, “సరే, ఆ మాట తీసి మళ్ళీ వేయండి. కొత్త పత్రాలొచ్చి సంతకాలయ్యేదాకా పాత వాటానే కోస్తాం,” అన్నాడు.

ఆ చివరి ముక్క నేను జాగ్రత్తగా విన్నాను.

వారం తర్వాత కొత్త పత్రం వచ్చింది. మేనేజరే స్వయంగా తెచ్చి నా పక్కన నిలబడ్డాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పై నుంచి కింది దాకా చదివాను. ‘ఇష్టపూర్వకంగా’ లేదు. అచ్చు శుభ్రంగా ఉంది.

“ఇక తప్పేం లేదుగా?” అన్నాడు.

పెన్సిలు చెక్కుకున్నాను.

“ఒకటుంది సార్,” అని, మా వాటా అంకె మీద గీత కొట్టాను.