వాల్యా నోట్లో పిల్లలు

నీలి పొద్దున్నే లేచి చేసే మొదటి పని, మొగుడి గొంతు ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పెట్టి వినడం. వాల్యా మాట్లాడితే రైలు కట్ట అవతలి తండాకు వినబడుతుంది. బర్రెను అదిలించినా అదే గొంతు, బీడీకి నిప్పు అడిగినా అదే గొంతు. అది చెలక దగ్గర వినిపిస్తే రొట్టెలకు ఇంకా వేళ ఉన్నట్టు, బోరింగు దగ్గర వినిపిస్తే పిండి పిసకాలన్నట్టు. ఇంట్లో గడియారం లేదు. ఆ లోటు నీలికి ఎన్నడూ తెలియలేదు.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక ఆ గొంతుకు గిరాకీ ఇంకా పెరిగింది. బస్సులు లేవు, బడి లేదు, డోర్నకల్ స్టేషన్‌లో రైళ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. తండా పక్క సడక్ మీద టెంటు వేసి కూర్చున్నారు జనం. వాళ్లకు పెద్ద దిక్కు బడిపంతులు రాజలింగు సారు. మైకు తెచ్చాడు గానీ కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని పొద్దున్నే ఎవరినో ఒకరిని పంపేవాడు, "వాల్యన్నను తోలుకరాండ్రి, మైకు పనిచేస్తలేదు" అని. వాల్యా టెంటు కింద నిలబడి "జై" అంటే, పత్తి చేన్లలో ఉన్నవాళ్లు కూడా నడుము ఎత్తి "తెలంగాణ" అనేవాళ్లు.

ఇంత గొంతున్న మనిషి తన మూడో బిడ్డను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. నెల దాటని పిల్ల. ముందు ఇద్దరూ ఆడపిల్లలే, ఇదీ ఆడపిల్లే. పుట్టిన వారానికే వాల్యా తల్లి లక్ష్మా ఒక మాట తెచ్చింది. మానుకోటలో బట్టల దుకాణం కిషన్ సేటుకు, అతని భార్య సునందమ్మకు పిల్లల్లేరు. మంచివాళ్లు. పైసల ముచ్చట లేదు, పిల్లను ఇస్తే పెంచుకుంటారట. "ఈడుంటే ఎండల మిరప చేన్లకు కూలికి పోతది. ఆడుంటే సదువుకుంటది" అంది లక్ష్మా. ఆమె అన్నది అబద్ధమూ కాదు, దుర్మార్గమూ కాదు.

నీలికి బిడ్డను ఇవ్వాలని లేదు. ఆ మాట అనుకుంటేనే పాలు గడ్డకట్టినట్టు రొమ్ము నొప్పి పుట్టేది. ఒకసారి ధైర్యం చేసి మొగుడితో అంది కూడా. "ఊకో! ఆడ బతుకుతది!" అన్నాడు వాల్యా. తండా అంతా విన్నది. అంతమంది విన్నాక ఇక మాట్లాడేదేముంది?

కానీ ఆ తండాకు ఒక కట్టుబాటు ఉంది. పసిబిడ్డ వేరే ఇంటికి పోవాలంటే, తండ్రి నలుగురిలో తండా పెద్ద అయిన నాయక్ ఎదుట కూర్చుని తన నోటితో "ఇస్తున్న" అనాలి. తల ఊపితే చెల్లదు, వేరేవాళ్లు చెప్పినా చెల్లదు. నాయక్ ఒక్కసారే అడుగుతాడు. ఆ కూర్చున్నప్పుడు మాట పడకపోతే బిడ్డ ఇక తండాదే, మళ్లీ అడుగుడు లేదు. తల్లిని మాత్రం ఎవరూ అడగరు. బతుకమ్మ పండుగ పోయాక వచ్చే ఆదివారం కూర్చుందామని లక్ష్మానే పోయి పూల్‌సింగ్ నాయక్‌కు చెప్పి వచ్చింది.

ఆ నడుమ ఒక రోజు నీలి కాల్చే రొట్టె మాడిపోయింది. ఎంత చెవి పెట్టినా మొగుడి గొంతు ఏ దిక్కు నుంచీ రాలేదు. సమ్మెలో కూలి పనులు లేక, చెరువు నిండితే నీళ్లు దూకే మత్తడి కింద కాలువలో చేపలు తడమడానికి పోయాడు. తలెత్తి చూస్తే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద, చేతులు ఖాళీ, బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి.

"ఏంది, పన్ను నొస్తుందా?" అంది నీలి.

వాల్యా వంగి పెదవులు కొద్దిగా తెరిచాడు. లోపల నీళ్లు. నీళ్లలో పసుపు రంగు గుడ్లు, ఒక్కోదానిలో నల్లటి చుక్క. చుక్కలు కదులుతున్నాయి.

"మట్టగిడసవా?" అంది.

అవునన్నట్టు కళ్లు మూశాడు.

మట్టగిడస అంటే కొర్రమట్టకు చిన్నాయిన కొడుకులాంటిది. జానెడు కూడా ఉండదు, కానీ సంసారం తెలిసిన చేప. ఆడది గుడ్లు పెడితే మగది వాటిని నోట్లోకి తీసుకుంటుంది. అవి పిల్లలై తమ తిండి తాము వెతుక్కునేదాకా తండ్రి ఒక్క పురుగును కూడా మింగడు. మింగితే పిల్లలు కూడా కడుపులోకి పోతాయని భయం. తల్లి పక్కనే తిరుగుతూ, పొదగని వట్టి గుడ్లు వదిలి పిల్లల కడుపు నింపుతుంది. ఇక చేతులతో చేపలు తడిమేవాళ్లకు ఒక అలవాటుంది. ఒకటి దొరికితే దాన్ని పళ్ల మధ్య కరిచిపట్టి, రెండు చేతులూ మళ్లీ బురదలో పెడతారు. వానకాలంలో మట్టగిడస దొరికితే మాత్రం ముందు దవడ చూడాలి. ఉబ్బి ఉంటే వదిలేయాలి. వాల్యా చూడలేదు. పళ్ల మధ్య పెట్టాడో లేదో, ఆ తండ్రి చేప తన మూటంతా ఇతని నోట్లో దించేసి కాలువలోకి దుమికింది.

లక్ష్మా బయటి నుంచి వచ్చి, కొడుకు నోట్లోకి చూసి, నెత్తి కొట్టుకుంది. "మీ బాపు సుత గిట్లనే జేసిండు. దవడ సూసి పట్టాలని ఎన్నిసార్లు జెప్పిన! ఇగ అవి పెద్దగయ్యేదాంక పస్తులుండు." అని, మాడిన రొట్టెను బర్రెకు వేసి వచ్చింది.

టెంటు దగ్గర రాజలింగు సారు కొంచెం పరేషాన్ అయ్యాడు. "గొంతుకేమైందన్నా?" అని అడిగితే పక్కనున్న మనిషి చెప్పాడు, "నోట్లె పిల్లలున్నయి సారూ." "అట్లనా. అయితె జెండా పట్టుకోనియ్యుండ్రి" అన్నాడు సారు. ఆ రోజు నుంచి వాల్యా టెంటు ముందు జెండా పట్టుకుని కూర్చునేవాడు. మట్టగిడస నీళ్లలో ఉండే జీవమే గానీ గాలి పీలుస్తుంది, పైకొచ్చి గాలి మింగకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అందుకని గుడ్లు పిల్లలయ్యాక వాల్యా నడుమ నడుమ తల వెనక్కి వాల్చి ఆకాశం వైపు నోరు తెరిచేవాడు. సన్నటి బుడగల చప్పుడు వినిపించేది. పక్కన కూర్చున్నవాళ్లు కాసేపు నినాదం ఆపి, అతను నోరు మూసుకున్నాక మళ్లీ అందుకునేవాళ్లు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. వాన వెలిసిన తర్వాత చెట్ల కింద నిలబడ్డట్టు ఉండేది నీలికి. ఇన్నేళ్లూ ఆ గొంతు చాటున వినబడని చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బర్రె నెమరు వేసే చప్పుడు, పెద్దపిల్లలు నిద్రలో గొణిగే మాటలు, తొట్టెల తాడు కిర్రుమనడం.

ఒక సాయంత్రం ఆమె బోరింగు దగ్గర ఉండగా బిడ్డ ఏడుపు అందుకుంది. అంతకుముందైతే వాల్యా ఉన్నచోటనే కూర్చుని "నీలీ! పిల్ల ఏడుస్తాంది!" అని కేకేసేవాడు. ఇప్పుడు కేకేయలేడు. నీలి బిందెతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. వాల్యా తొట్టెలలో నుంచి బిడ్డను ఎత్తుకుని ఉన్నాడు. ఎత్తుకోవడం రాక రెండు చేతుల మీదా పరిచినట్టు పట్టుకున్నాడు. బిడ్డ చెవి అతని బుగ్గకు ఆనింది. లోపల చేప పిల్లలు గిరికీలు కొడుతున్న చప్పుడుకు ఏడుపు మాని, ఎటు నుంచా అన్నట్టు కళ్లు తిప్పుతోంది. నీలి బిందె దించలేదు. దించితే చప్పుడవుతుందని అట్లాగే నిలబడింది.

ఆ తర్వాత రోజూ పొద్దు వాలే వేళ సత్తు గిన్నెలో నీళ్లు పోసి పెట్టేది. వాల్యా గిన్నె మీద వంగి నోరు తెరిస్తే పిల్లలన్నీ బయటికొచ్చి గుండ్రంగా తిరిగేవి. తల్లి చేప లేదు కదా, వాటి తిండి ఎవరు చూడాలి? నీలి గిన్నెలో రెండు చుక్కలు తన పాలు పిండేది. నీళ్లు కాస్త తెల్లబడేవి, మళ్లీ తేటబడేవి. కోడి ఇటు రాబోతే వాల్యా వేలితో నీళ్లను తట్టేవాడు. అన్నీ ఒక్క ఊపులో అతని నోట్లోకి దూరేవి. మనిషి చిక్కి సగమయ్యాడు. నీలికి అతని మీద జాలి కలిగింది. జాలి వెనకే కోపమూ వచ్చింది. చేప పిల్లల కోసం ఇన్ని పస్తులుంటివి, నీ కడుపున పుట్టినదాన్ని ఎట్లా ఇస్తవు అని అడగాలనిపించింది. పిల్లలు గిన్నెలో ఉన్నంతసేపూ నీళ్ల మీదనే నోరు తెరిచి ఉండే మనిషిని ఏమడుగుతుంది?

ఆదివారం రానే వచ్చింది. కిషన్ సేటు, సునంద మోటారు సైకిల్ మీద వచ్చారు. టెంటు దగ్గర ఆపితే "బిడ్డను తెచ్చుకోను పోతున్నం" అన్నారట, దారి ఇచ్చారట. సునంద ఒక ఉన్ని టోపీ తెచ్చింది, తనే అల్లింది. బిడ్డను ఒళ్లోకి తీసుకుని తలకు తొడిగి, "జర పెద్దగైందమ్మా, పెరుగుతది కదా అని పెద్దగనే అల్లిన" అంది నీలితో. ఆమె చెడ్డ మనిషై ఉంటే నీలికి ఎంత సులువయ్యేదో.

తమలో తాము లంబాడీల గోర్‌బోలీ మాట్లాడుకునే తండా, సేటు ముందు తెలుగులోకి మారింది. పూల్‌సింగ్ నాయక్ మంచం మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"వాల్యా, నీ బిడ్డను ఈళ్లకు ఇస్తున్నవా?"

వాల్యా బుగ్గలు కదిలాయి.

"నోట్లె పిల్లలున్నయి నాయక్" అంటూ లక్ష్మా లేచి, సత్తు గిన్నె నిండా నీళ్లు తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "ఇండ్ల ఇడువు బేటా. ఒక్క మాట జెప్పి మల్ల నోట్లె ఏస్కో. ఎంతసేపు?"

నిజమే, ఎంతసేపు? రోజూ చేసే పనే. వాల్యా గిన్నెలోకి చూశాడు. తర్వాత సునంద ఒళ్లో, కళ్ల మీదికి జారిన టోపీలో ఉన్న బిడ్డను చూశాడు. చాలాసేపు చూశాడు. చూసి, గిన్నెను నేల మీద బోర్లించాడు. నీళ్లు నాయక్ మంచం కోళ్ల దాకా పారి ఇంకిపోయాయి.

నాయక్ రెండోసారి అడగడు కాబట్టి ఊరికే కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. మంచం మీది నుంచి నీడ జరిగిపోయి ఎండ పడ్డాక లేచాడు.

"మాట పడలె. బిడ్డ కదలది."

"నోరు లేనోన్ని అడిగితె మాటెట్ల పడ్తది?" లక్ష్మా లేచింది.

"దినం పెట్టింది నువ్వే గదా అవ్వా" అన్నాడు నాయక్.

సునంద బిడ్డను తెచ్చి నీలి చేతుల్లో పెట్టింది. నీలి టోపీ తీయబోతే ఆపింది. "ఉండనియ్యి. చలికాలమొస్తాంది" అంది. బండి కదిలి సడక్ ఎక్కేదాకా ఆమె వీపు అదురుతూనే ఉంది. నీలికి బిడ్డ దక్కినందుకు సంతోషమైంది, ఆ వీపును చూసి దుఃఖమూ అయింది. ఏ ఒక్కటీ రెండోదాన్ని తగ్గించలేదు.

వానలు వెనకబట్టాక పిల్లలు నల్లబడ్డాయి. ఇక వాటికి నోరు ఇరుకు. వాల్యా కాలువ గట్టున బోర్లా పడుకుని నీళ్లలో నోరు తెరిచాడు. నీలి బిడ్డను ఎత్తుకుని పక్కనే కూర్చుంది. పిల్లలు బయటికి పోయాయి. కొన్ని తిరిగొచ్చి పెదవులను పొడిచాయి. అతను పళ్లు బిగించాడు. అవి కాసేపు అక్కడే తచ్చాడి, నాచులోకి వెళ్లిపోయాయి. వాల్యా లేచి కూర్చుని మూతి తుడుచుకున్నాడు.

ఇన్నాళ్లూ దాచుకున్న ప్రశ్నను నీలి ఇక ఆపుకోలేకపోయింది.

"ఆ దినం నీ నోరు ఖాళీగుంటె ఏమనేటోనివి?"

వాల్యా గొంతు పీలగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. "ఇస్తున్న అనేటోన్ని."

నీలి బిడ్డను గట్టిగా అదుముకుంది.

"అబద్ధమెందుకాడాలె" అన్నాడు వాల్యా. "ఖాళీ నోటికి ఏమెరుక నీలీ." రెండు చేతులూ చాపాడు. "తే, పిల్లనిటియ్యి. నువ్వు పోయి ఏమన్న వండు. ఆకలైతాంది."

నీలి అతని మొహంలోకి చూసింది. చూసి, బిడ్డను అతని చేతుల్లో పెట్టి, గబగబా ఇంటి దారి పట్టింది. ఏడుపును చేను గట్టు దాటేదాకా ఆపుకుంది. ఆ తర్వాత ఆపుకోలేదు.