ఎడమ కంటి గడిలో అడ్డగీత

గీత అంటే ఏమీ లేదనే కదా, డాక్టరు రాసిన చీటీ నా ముందు పెట్టి అక్క అన్నదీ అదే, చూడవే, కుడి కంటికేమో మైనస్ ఒకటిన్నర, ఎడమదానికి నంబరే లేదు, డాక్టరు అడ్డంగా గీసేశాడు, ముసలైంది కుడిదే, ఎడమది ఇంకా పెళ్ళికూతురే అని కౌంటరు ముందు కూర్చుని నవ్వింది, నేనూ నవ్వాను, పదకొండేళ్ళుగా ఈ కళ్ళజోళ్ళ కొట్టు వెనక గదిలో అద్దాలు అరగదీస్తున్నదాన్ని, గీత పక్కన చీమల్లా ఉన్న రెండక్షరాలు చదివాక కూడా నవ్వు మొహం మీదే ఉండిపోయింది, బాగున్న కంటికీ నంబరుండదు, ఏ నంబరు వేసినా లాభం లేని కంటికీ ఉండదు, ఆ రెండక్షరాలకు అర్థం వెలుతురు తెలుస్తుంది, అంతే, మనిషి తెలియదు, అడ్డం వచ్చిన పిల్ల తెలియదు, డాక్టరింకేమన్నాడక్కా, ఏముందే, రేపు ఇంట్లోవాళ్ళనెవరినైనా వెంటబెట్టుకుని రమ్మన్నాడు, వాళ్ళకదో అలవాటు, నువ్వు త్వరగా కానివ్వు, నాలుగింటికి బడి వదుల్తారు, పద్దెనిమిది మంది పిల్లలు నా వ్యాను కోసం గేటు దగ్గర కాచుకునుంటారు.

సానరాయి తిరుగుతోంది, నీళ్ళు చిమ్ముతున్నాయి, కుడి అద్దం అయింది, ఎడమ దానికి ఉత్త అద్దం, అంచు మందం కలిసేలా, రెండు కళ్ళూ ఒకేలా కనిపించేలా, ఇలాంటివి ఎందరికో చేశాను, మొన్న అక్క నడుపుతుంటే వ్యాను ఎడమ పక్కంతా గీరుకుపోతే గోడే కదిలొచ్చిందే అంది, గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుని ఇల్లు కట్టిన మేస్త్రీని తిట్టింది, భోజనాల దగ్గర ఎడమ పక్కన కూర్చుని సగం అన్నం తినేసిన బావను ఎప్పుడొచ్చావయ్యా అనడిగింది, అందరం పడీ పడీ నవ్వాం, ఏడాదిగా నవ్వుతూనే ఉన్నాం, ఏమే, కళ్ళజోడు చేస్తున్నావా, కాపురం చేస్తున్నావా లోపల, వస్తున్నానక్కా, గడియారంలో మూడు నలభై, పిల్లలు ఎడమ తలుపులోంచే కదా దిగుతారు, దిగి వ్యాను ముందు నుంచే కదా పరుగెత్తుతారు.

ఈ జోడు పెట్టుకుంటే ఎవరికీ అనుమానం రాదు, బడివాళ్ళకు రాదు, తల్లులకు రాదు, అక్కకసలే రాదు, తనను ఆ బడి వీధిలోకి పంపుతున్నది నేనే.

రాయి ఆపేశాను, తడి చేతులతోనే బయటికొచ్చి ఆమెకు ఎడమ పక్కగా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, అక్క వీధి వైపు చూస్తూ, నేనింకా వెనక గదిలోనే ఉన్నాననుకుని నాతో మాట్లాడుతూనే ఉంది, ఇంకా ఎంతసేపే తల్లీ, కౌంటరు మీద ఆమె ఎడమ మోచేతి పక్కన వ్యాను తాళాలు, చప్పుడు కాకుండా తీసి గుప్పిట్లో బిగించాను.